తొలి వెర్షన్ విడుదల చేసే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

చూపులేనివారు తెలుగు పుస్తకాలు చదువుకునేందుకు, ఎవరైనా కోడ్ చూసి మార్చుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేయబోతున్నావని మీ నాన్న చెప్పగానే నా గుండె ఉప్పొంగింది. ఆ వెంటనే దిగులూ పట్టుకుంది. మంచి మనసుతో చేసిన పనులు కూడా నాలాంటి చూపులేనివారి దగ్గరకు వచ్చేసరికి ఎలా నిరుపయోగమవుతాయో ఎరిగినవాణ్ణి కదా.

మౌస్ లేకుండా ప్రతి పనీ కీబోర్డుతో జరగాలని, ప్రతి బటన్‌కూ స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పలికే పేరుండాలని నీకు తెలిసినదే.

ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్‌లో సొంత సంకేతమిచ్చే యూనికోడ్ ఇంకా వాడుకలోకి రాని రోజుల్లో ఒక సంస్థ మాకోసం ఎంతో శ్రద్ధగా తెలుగు పుస్తకాలు టైపు చేయించి సీడీల్లో పంచింది. పాఠం చెప్పుకోవడానికి ఆశగా ఒకటి తెరిస్తే ఒక్క తెలుగు మాటా వినబడలేదు. కంప్యూటర్ పాడైందేమోనని మీ పెద్దమ్మను పిలిస్తే, తెర చూసి "అంతా బాగానే ఉంది కదండీ" అంది. పుస్తకాల అచ్చుకు వాడే ఆ డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకు తెలుగు గుణింతాల బొమ్మలు తొడిగేవి కాబట్టి, చూసేవారికి చక్కని తెలుగు కనిపించేది, స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు అందేవి. టైపు చేసినవారూ ప్రూఫులు దిద్దినవారూ కళ్లతోనే సరిచూశారు. చూపులేని ఒక్కరికైనా వినిపించి ఉంటే ఆ శ్రమంతా దక్కేది. చివరికి ఆ పుస్తకమంతా మీ పెద్దమ్మే చదివి వినిపించగా నేను బ్రెయిలీలో రాసుకున్నాను.

అందుకే నీ పనిని తొలి వారంలోనే మావాళ్ల చేతిలో పెట్టు. 2006లో ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను మొదలుపెట్టిన మైకేల్ కరన్, ఆయనతో చేరిన జేమ్స్ టే ఇద్దరూ చూపులేనివారే. ఎక్కడ ఏది వినబడటం లేదో వారికి ఒకరు చెప్పనక్కర లేకపోయింది. ఒకసారి ఇచ్చిన షార్ట్‌కట్ కీలను ఊరికే మార్చావంటే మాత్రం ఊరుకోను, మా వేళ్లకు అలవాటైన దారులవి.

నా మరో భయం, నీ తర్వాత దీన్ని చూసేదెవరని. 2010లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీని ఒరాకిల్ కంపెనీ కొన్నాక అక్కడ ఓర్కా స్క్రీన్ రీడర్‌ను చూసుకునే బృందం చెదిరిపోయింది; సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టే జోన్‌మేరీ డిగ్స్ వంటివారు దాన్ని నిలబెట్టగలిగారు. ఉద్యోగం మారినా, పెళ్లయి దూరం వెళ్లినా పని ఆగకుండా ఇప్పుడే ఇంకొకరికి నేర్పు, కోడ్ నుంచి సాఫ్ట్‌వేర్‌ను బిల్డ్ చేసే పద్ధతి వివరంగా రాసి పెట్టు.

రాత్రిళ్లు మేలుకొని కళ్లు పాడుచేసుకోకు తల్లీ. పరీక్షకిచ్చే తొలి బీటా నాకు పంపితే, రాతను మాటగా పలికే ఈస్పీక్ గొంతుతో మొదటి నుంచి చివరి దాకా విని, తడబడిన చోటల్లా రాసి పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న