కొత్త డ్రైవ్ కొనేముందు సీపీయూ వెనక్కి ఓసారి చూడండి

ప్రశ్న: నమస్తే సార్, మాది గాజువాక, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ఒక్కో పెళ్ళికి 200 జీబీ దాకా ఫుటేజ్ వస్తోంది, దాన్ని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ పెడితే గంటన్నర పడుతోంది. డెస్క్‌టాప్ పాతదే, లోపల ఉన్నది మామూలు హార్డ్ డిస్కే. ద్వారకానగర్‌లో ఒకాయన ఎస్‌ఎస్‌డీ తీస్కోమన్నాడు, పక్క షాపులో 7200 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు తిరిగే) హార్డ్ డిస్క్ చాలన్నారు. ఏది ఫాస్ట్?

జవాబు: ఫాస్ట్ అంటే ఎస్‌ఎస్‌డీనే (తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌లతో నడిచే డ్రైవ్), అందులో డౌటు లేదు. కానీ మీరు గంటన్నర అన్నారు చూశారా, నాకు అనుమానం అక్కడే వచ్చింది. 200 జీబీకి గంటన్నర అంటే సెకనుకి 37 ఎంబీ, అది అచ్చంగా యూఎస్‌బీ 2.0 స్పీడు. పేరుకి 480 మెగాబిట్లు, అంటే 60 ఎంబీ, చేతికొచ్చేది మాత్రం 35, 40. మీ డిస్కు దాని తర్వాతి వేగమైన రకం, అంటే యూఎస్‌బీ 3.0ది అయితే అది సరైన పోర్టులో ఈజీగా 100 దాటాలి.

అందుకని ముందు ఫోన్ టార్చి వేసి, డిస్కు పెట్టే యూఎస్‌బీ పోర్టులోకి చూడండి. లోపల ప్లాస్టిక్ ముక్క నీలం రంగులో ఉంటే మామూలుగా 3.0, నలుపో తెలుపో అయితే 2.0 కావచ్చు, రంగుని మరీ నమ్మకుండా మదర్‌బోర్డు మాన్యువల్ కూడా చూస్కోండి. చాలామంది అందుబాటులో ఉందని సీపీయూ ముందు పోర్టుకే పెట్టేస్తారు, పాత కేబినెట్లలో అది ఎక్కువగా 2.0నే. తర్వాత కేబుల్. డిస్కు వైపు రెండు ముక్కలుగా వెడల్పుగా ఉండే సాకెట్ ఉంటుంది కదా, దాన్లో సగంలోకి పాత ఫోన్ చార్జింగ్ కేబుల్ కూడా పడుతుంది, పనీ చేస్తుంది, కానీ 2.0 స్పీడుతోనే, ఇంట్లో ఒరిజినల్ కేబుల్ పోయిందని దీంతో లాగించేసేవాళ్ళు బోల్డుమంది. విండోస్ 7 అయితే 3.0 డ్రైవర్ విడిగా ఎక్కించాలి. అసలు 3.0 పోర్టే లేకపోతే మదర్‌బోర్డులో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ (అదనపు కార్డులు గుచ్చే చోటు) ఖాళీ ఉందేమో చూసి యూఎస్‌బీ 3 కార్డు వేయించుకోండి, కొత్త డ్రైవ్ కన్నా చాలా చవక.

ఇంకోటి, మీ లోపలి డిస్కు సెకనుకి 150 ఎంబీ ఇస్తోందనుకుంటే బయట 1000 ఎంబీ ఎస్‌ఎస్‌డీ పెట్టినా కాపీ 150కే వెళ్తుంది, డబ్బులు దండగ. ఆ ఎస్‌ఎస్‌డీ నుంచే డైరెక్టుగా ఎడిట్ చేస్తానంటే మాత్రం తీస్కోండి, టైమ్‌లైన్ మీద తేడా బాగా తెలుస్తుంది. దాచిపెట్టడానికే అయితే డెస్క్‌టాప్ సైజు 3.5 అంగుళాల 7200 ఆర్‌పీఎంది బెస్టు, దానికి విడిగా అడాప్టర్ ఉంటుంది, కాబట్టి యూపీఎస్‌కి కలపండి, రాసేటప్పుడు కరెంటు పోతే ఫైళ్ళు పాడవ్వొచ్చు. చిన్న 2.5 అంగుళాల డిస్కుల్లో చాలావాటిలో ఎస్‌ఎంఆర్ అనే పద్ధతి (డేటా వరసలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా రాస్తారు) ఉంటుంది, మొదట్లో బాగానే పరిగెడతాయి, ఏకబిగిన 200 జీబీ పోస్తే మధ్యలో చతికిలబడతాయి. పెట్టె మీద ‘అప్ టు’ అని రాసిన నంబరు చూసి మురిసిపోకండి. షాపులోనే 20, 30 జీబీ పెద్ద ఫైలు ఒకటి కాపీ చేయించి చూడండి, ఒప్పుకోకపోతే వేరే షాపుకి వెళ్ళండి.

ఏది కొన్నా రెండో కాపీ వేరే ఇంట్లో ఉంచండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మన విశాఖ, పైగా అవి జనాల పెళ్ళి వీడియోలు.

ప్రశ్న: కొత్త పెన్‌డ్రైవ్‌లో 9 జీబీ ఖాళీ ఉన్నా 5 జీబీ సినిమా ఎక్కట్లేదు, పాడైందా? (పెందుర్తి)

జవాబు: పాడవ్వలేదండి. అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది, ఒక్క ఫైలు 4 జీబీ దాటితే తీస్కోదు. లోపలున్నవి వేరేచోటికి మార్చేసి ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ కొట్టండి. పాత టీవీకి పెట్టి చూసేదైతే మాత్రం ముందు ఆ టీవీ ఎక్స్‌ఫ్యాట్ చదువుతుందో లేదో చూస్కోండి.