టీవీ సిరీస్ చూశాక ఫాలౌట్ ఏ గేముతో మొదలెట్టాలి?

మీరు అడిగింది: సిరీస్ చూశాను, గేములు ఒక్కటీ ఆడలేదు, లాప్‌టాప్ పాతది, 3, న్యూ వేగస్, 4లో దేనితో మొదలెట్టాలి, 1997 నాటి మొదటిది ఇప్పుడు ఆడగలమా అని.

న్యూ వేగస్‌తో మొదలెట్టండి. తర్వాత 1, 2. ఆపైన 4. మూడోది ఆఖరికి పెట్టుకున్నా నష్టం లేదు.

సిరీస్ మొదటి సీజన్ నడిచేది లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల, 2296లో. అందులో అంత గొడవకు కారణమైన షేడీ శాండ్స్ ఊరు మొదటి గేములో (2161) నాలుగు మట్టిగోడల పల్లె. రెండో గేముకి (2241) అదే ఎన్‌సీఆర్ (న్యూ కాలిఫోర్నియా రిపబ్లిక్) అనే కొత్త దేశానికి రాజధాని. న్యూ వేగస్‌లో (2281) ఆ ఎన్‌సీఆర్ సైన్యమే హూవర్ డ్యామ్ మీద కూర్చుని ఉంటుంది. మూడోది వాషింగ్టన్‌లో, నాలుగోది బోస్టన్‌లో. వాటికీ ఈ కథకీ చుట్టరికం తక్కువ.

ఇక గేములుగా వీటి మధ్య తేడా పట్టుకోవాలంటే గ్రాఫిక్స్ కాదు, మాటలు చూడాలి. ఎదుటివాణ్ణి మాటతో ఒప్పించాలన్నప్పుడు ఏ గేము ఏం చేస్తుందో చూస్తే చాలు.

మొదటి రెండింటిలో పరీక్ష జరుగుతోందన్న సంగతే తెలీదు. ఇంటెలిజెన్స్ సరిపోకపోతే ఆ డైలాగ్ అసలు కనపడదు. 4 కన్నా తగ్గించి పెట్టారో, మీ పాత్ర మూలుగులు తప్ప మాట్లాడలేదు, చాలా పనులు మీకు ఎవరూ అప్పజెప్పరు. మూడో గేములో స్పీచ్ (మాటతో ఒప్పించే నైపుణ్యం) పక్కన ఫలించే అవకాశం శాతంలో కనిపిస్తుంది. మెగాటన్ అనే ఊళ్లో బాంబును నిర్వీర్యం చేయమని షెరిఫ్ లూకస్ సిమ్స్ 100 క్యాప్స్ (ఈ గేముల్లో డబ్బు సీసా మూతలే) ఇస్తానంటాడు, స్పీచ్ ఫలిస్తే అది 500 అవుతుంది. ఫలించకపోతే? సేవ్ లోడ్ చేసి మళ్లీ నొక్కడమే. అంటే అక్కడ గెలిచేది మీ పాత్ర కాదు, మీ ఓపిక. న్యూ వేగస్‌లో పాచికలు లేవు. 50 కావాలంటే 50 ఉండాలి, 49 ఉంటే పని జరగదు. ఎంత కావాలో, మీకెంత ఉందో ముందే చూపిస్తుంది. పైగా స్పీచ్ ఒక్కటే కాదు, బార్టర్ (బేరమాడడం), మెడిసిన్, సైన్స్, ఎక్స్‌ప్లోజివ్స్ అన్నీ మాటల్లో పనికొస్తాయి. ఆట మొదలయ్యే ఊరు గుడ్‌స్ప్రింగ్స్‌లో ముసలి ఈజీ పీట్ దగ్గర డైనమైట్ తీసుకోవాలంటే ఎక్స్‌ప్లోజివ్స్ 25 కావాలి, కొట్టువాడు చెట్ సరుకు ఇవ్వాలంటే బార్టర్ 25. లెవెల్ 1లోనే ఈ మూట విప్పేస్తుంది గేము. నాలుగోదానికొచ్చేసరికి స్కిల్స్ తీసేశారు. ఉన్నవి నాలుగు బటన్లు, ఒప్పించాలంటే కరిజ్మా మీద పసుపు, నారింజ, ఎరుపు రంగుల అదృష్టం. మళ్లీ సేవ్ లోడ్ చేయడమే.

న్యూ వేగస్ స్టీమ్ వెర్షన్ కొంటే ఆడే ముందే ఈ పనులు చేయండి. అది 32-బిట్ ప్రోగ్రామ్, సహజంగా 2 జీబీకి మించి మెమరీ వాడుకోలేదు. అది నిండగానే డెస్క్‌టాప్‌కి విసిరేస్తుంది. 4జీబీ ప్యాచర్‌ను గేము ఫోల్డర్‌లో పెట్టి ఒక్కసారి రన్ చేయండి. తర్వాత మిగతా మాడ్లకు (అభిమానులు చేసిన మార్పులకు) ఆధారమైన స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్, దానిమీద టిక్ ఫిక్స్ మాడ్. ఎఫ్‌పీఎస్ 60 చూపిస్తున్నా తల తిప్పినప్పుడల్లా చిత్రం కుదుపుతుంటే మందు ఈ టిక్ ఫిక్స్. ఆటోసేవ్ ఆపేసి, ప్రతిసారీ కొత్త స్లాట్‌లో చేత్తో సేవ్ చేసుకోండి. ఈ మూడూ అయ్యేదాకా టెక్స్చర్ మాడ్ల జోలికి పోవద్దు. చాలామంది మొదటి రోజే నలభై మాడ్లు ఎక్కించి, గేమే బాగోలేదంటారు. 10 జీబీ జాగా, మామూలు ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఉన్నా నడిచిపోతుంది.

అదనపు కథలన్నీ కలిపిన అల్టిమేట్ ఎడిషన్ అయితే మొదట్లోనే కొరియర్స్ స్టాష్ పేరుతో తుపాకులు, కవచాలు చేతిలో పెడుతుంది. పక్కన పడేయండి, అవి ఉంటే తొలి పది గంటల భయం పోతుంది. డెడ్ మనీ అనే అదనపు కథ రేడియో సిగ్నల్ కూడా మొదటి రోజే పలకరిస్తుంది. లెవెల్ 20 లోపు దాని ముఖం చూడొద్దు: అక్కడ మీ సామాను మొత్తం లాక్కుంటారు, కథ ముగించి బయటపడితే తిరిగి వెళ్లే దారి ఉండదు.

దారి విషయం. మ్యాప్ మీద వేగస్ గుడ్‌స్ప్రింగ్స్‌కి ఉత్తరాన దగ్గరగానే కనిపిస్తుంది, కొత్తవాళ్లు అటే నడుస్తారు. కొండల్లో కాజడార్లు అనే రాక్షస కందిరీగలు ఉంటాయి, కుట్టాయంటే విషం. హైవే పట్టుకుని వెళ్తే స్లోన్ దగ్గర క్వారీలో డెత్‌క్లాలు అనే భయంకర మృగాలు. గేము మిమ్మల్ని దక్షిణంగా తిప్పాలని కావాలనే అలా పెట్టింది: ప్రిమ్, మొహావీ అవుట్‌పోస్ట్, నిప్టన్, నోవాక్, బౌల్డర్ సిటీ, అప్పుడు వేగస్. ఈ చుట్టుతోవలోనే ఎన్‌సీఆర్, దాని శత్రుసైన్యం సీజర్ లీజియన్ ఎలాంటివాళ్లో కళ్లారా చూస్తారు. అది చూడకుండా వేగస్ క్యాసినోల వీధి స్ట్రిప్‌కి చేరితే ఎవరి పక్షం వహించాలో అర్థం కాదు. స్ట్రిప్ గేటు దగ్గర 2000 క్యాప్స్ చూపించాలి, లేదా పాస్‌పోర్ట్ ఉండాలి.

మొదటి పాత్రకి స్పీచ్ ట్యాగ్ చేయండి (ముఖ్య నైపుణ్యంగా ఎంచుకోండి). చివరిదాకా పనికొస్తుంది; డ్యామ్ మీద లీజియన్ సేనాని లెగేట్ లానియస్‌ను కూడా తుపాకీ ఎత్తకుండా వెనక్కి పంపొచ్చు, దానికి స్పీచ్ 100 కావాలి. 90 దగ్గర ఆగిపోయారా, మీటింగ్ పీపుల్ పత్రిక చదివితే కాసేపు 10 పెరుగుతుంది, కాంప్రిహెన్షన్ పెర్క్ ఉంటే 20. అందుకే దొరికిన పత్రికలు చదివేయకుండా దాచుకోండి.

మొదటి గేము ఇప్పుడూ ఆడొచ్చు, అయితే పాత్ర తయారుచేసే తెరమీదే సగం ఆట అయిపోతుంది. పోరు వంతులవారీగా సాగుతుంది, వంతులో ఎన్ని పనులు చేయొచ్చో చెప్పేవి యాక్షన్ పాయింట్లు. వాటి లెక్క: 5కి అజిలిటీలో సగం కలపాలి. అజిలిటీ 10 అయితే 10 పాయింట్లు, 10ఎంఎం పిస్టల్ ఒక్కో కాల్పుకి 5, అంటే వంతుకి రెండుసార్లు కాలుస్తారు. అజిలిటీ 7 అయితే 8 పాయింట్లే, ఒక్కసారే. అంటే సగం బలం. కాబట్టి అజిలిటీ 10, గిఫ్టెడ్ ట్రెయిట్ (మొదట్లోనే ఎంచుకునే ప్రత్యేక గుణం), ట్యాగులు స్మాల్ గన్స్, స్పీచ్, లాక్‌పిక్. షేడీ శాండ్స్‌లో ఇయాన్ అనేవాణ్ణి వెంట తెచ్చుకోండి కానీ వాడికి ఎస్ఎంజీ (గుళ్ల వర్షం కురిపించే తుపాకీ) మాత్రం ఇవ్వకండి. మీరు మధ్యలో ఉన్నా బర్స్ట్ కొట్టేస్తాడు, చచ్చేది మీరే. మీ వాల్ట్ నీళ్లకు కావాల్సిన వాటర్ చిప్ తేవడానికి 150 రోజుల గడువు. హబ్ అనే ఊళ్లో నీళ్ల వర్తకులకు డబ్బిచ్చి వాల్ట్‌కి బండ్లు పంపిస్తే మరో 100 రోజులు వస్తాయి. ఇరుకు గుమ్మంలో తోడుగా వచ్చినవాడు అడ్డం నిలబడితే తోయడానికి వీల్లేదు, ఆ సదుపాయం రెండో గేములోనే వచ్చింది. ఈ విసుగు వద్దనుకుంటే ఎత్ తూ అనే మాడ్ మొదటి గేమును రెండోదాని ఇంజిన్ మీద నడిపిస్తుంది.

రెండోది పెద్దది, చిలిపిది, గాడి తప్పినది కూడా. రెస్టోరేషన్ ప్రాజెక్ట్ అనే మాడ్ వేసి ఆడండి. మొదట్లో వచ్చే టెంపుల్ ఆఫ్ ట్రయల్స్‌లో తుపాకీ ఉండదు. ఈటె పట్టుకుని చీమలను దాటేయండి, చివర్లో పోరుకి నిలబడే కామెరాన్‌ను స్పీచ్‌తో ఒప్పించొచ్చు. అక్కడే ఆపేసినవాళ్లూ ఉన్నారు.

మూడోదానికి మన దేశంతో ఒక విచిత్రమైన లంకె ఉంది. 2008లో మైక్రోసాఫ్ట్ దీన్ని ఇండియాలో విడుదల చేయలేదు, సాంస్కృతిక సున్నితత్వం అని మాత్రమే చెప్పింది. ఈ గేముల్లో రెండు తలల ఆవును బ్రాహ్మిన్ అంటారు, కారణం అదేనని అప్పట్లో అందరి అనుమానం. ఆ పేరు 1997 నుంచీ ఉన్నదే. ఇప్పుడు స్టీమ్‌లో కొనుక్కోవచ్చు. బ్రోకెన్ స్టీల్ అనే అదనపు కథ ఉన్న ఎడిషనే తీసుకోండి, అది లేకపోతే కథ ముగియగానే గేమూ ముగుస్తుంది, లెవెల్ 20 దాటదు. కొత్త ప్రాసెసర్ల మీద మాటిమాటికీ ఆగిపోతుంటే సెట్టింగ్స్ ఫైల్లో హార్డ్‌వేర్ థ్రెడ్ల సంఖ్య 2 అని రాయాలి. మెట్రో సొరంగాలు నాకైతే ఇప్పటికీ విసుగే, శిథిల నగరంలో తిరగడం మాత్రం దీనిలో ఉన్నంత బాగా ఇంకెక్కడా లేదు.

నాలుగోది (2015) తుపాకీ పేల్చడానికి, ఊళ్లు కట్టడానికి. 8 జీబీ ర్యామ్, 30 జీబీ జాగా, విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి, మీ లాప్‌టాప్ ఇక్కడే ఆగుతుంది. ఆయుధాలకు హంగులు చేర్చాలంటే జిగురు కావాలి, అది ఎప్పుడూ చాలదు. 3 మొక్కజొన్న, 3 మట్‌ఫ్రూట్, 3 టాటో, 1 శుద్ధిచేసిన నీళ్లు వంటపొయ్యి మీద పెడితే వెజిటబుల్ స్టార్చ్ వస్తుంది, దాన్నుంచి 5 జిగురు. ఆ మూడు పంటలూ ఒకే ఊళ్లో వేస్తే కొరత తీరుతుంది. ఊరి డిఫెన్స్ అంకె, తిండి, నీళ్ల అంకెల మొత్తానికి తగ్గకుండా చూసుకోండి, లేకపోతే దాడులు ఆగవు.

ఫాలౌట్ 76 గురించి అడగలేదు కాబట్టి ఒక్క ముక్క: అది ఆన్‌లైన్ గేము, మనుషుల పాత్రలు వచ్చిందే 2020 వేస్ట్‌లాండర్స్ అప్‌డేట్‌తో. తోడుగా ఆడేవాళ్లుంటేనే చూడండి.