ఒకే విత్తనం, రెండు ఎత్తులు: కంది చేను చూపించిన కెరీర్

ప్రశ్న: ఇంటర్ బైపీసీ సెకండియర్ చదువుతున్నాను. మాది తాండూరు దగ్గర పల్లె. నాన్న జూన్‌లో వేసిన కంది నా తల దాటి పెరిగింది. పక్క చేన్లో సెప్టెంబర్‌లో వేసింది నడుమెత్తుకే పూతకొచ్చింది. విత్తనం ఒకటే. ఇలాంటివి చదవాలంటే ఏ కోర్సులో చేరాలి? ఉద్యోగాలుంటాయా? ఇంట్లో నీట్ లాంగ్‌టర్మ్‌ అంటున్నారు.
- ఒక విద్యార్థిని

జవాబు: 'విత్తనం ఒకటే' అని గమనించారు చూడండి, నాకు నచ్చింది అదే. రకం మార్చకుండా తేదీ మాత్రమే మార్చి చూడటం బ్రీడర్లు, అంటే కొత్త పంట రకాలు తయారుచేసే శాస్త్రవేత్తలు, రోజూ చేసే పని.

మీ కంది పొద్దును, అంటే పగలు ఎన్ని గంటలుందో, లెక్కపెడుతుంది. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబర్‌లో 11 గంటలు. తేడా రెండు గంటలే అయినా కందికి అది చాలు. పొద్దు తగ్గేదాకా పూత ఆపుకుంటుంది కాబట్టి జూన్ మొక్కకు పెరగడానికి నెలల తరబడి టైం దొరికింది. సెప్టెంబర్ మొక్కకు దొరకలేదు. అందుకే రబీ కందిని దగ్గర దగ్గరగా వేయమంటారు. అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1920లో బయటపెట్టింది ఈ సంగతే. వాళ్లకు దారి చూపిన వాటిలో ఒకటి, వేసవంతా ఏపుగా పెరిగి పూత మాత్రం పెట్టని ఒక పొగాకు రకం.

మొక్క లోపల ఈ లెక్క నడిపేది జన్యువులు. వరిలో ఆకు పొద్దును పసిగట్టి ఒక ప్రోటీన్ తయారుచేస్తుంది, అది కాండం చివరికి చేరి పూత మొదలుపెడుతుంది. దాని జన్యువు పేరు హెచ్‌డీ3ఏ. గోధుమకు పొద్దుతో పాటు చలీ కావాలి: శీతాకాలపు రకాలు కొన్ని వారాలు చలి తగలనిదే పూతకు సరిగా రావు. శనగది ఇంకో దారి, పగలు పెరిగితే తొందరగా పూస్తుంది. మన చలికాలం చిన్నది కాబట్టి ఎండ ముదరకముందే కాయ కట్టే ఐసీసీవీ 2 లాంటి రకాలు ఇక్కడ పనికొచ్చాయి.

ఇక మీ జిల్లాకు దగ్గరి సంగతి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 2025లో ఐసీపీవీ 25444 అనే కందిని ప్రకటించింది. పగటి నిడివితో దానికి పనిలేదు, 45 డిగ్రీల ఎండను తట్టుకుంటుంది, 125 రోజుల్లో కోతకొస్తుంది. కంది పొద్దు కోసం ఆగితే బ్రీడర్‌కు ఏడాదికి ఒక్క తరమే దక్కుతుంది. గదిలో లైటు, వేడి అదుపు చేసి నాలుగు తరాల దాకా తీసే పద్ధతి వచ్చింది. దాన్నే స్పీడ్ బ్రీడింగ్ అంటారు.

కోర్సు: ఎప్‌సెట్ ర్యాంకుతో బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్, నాలుగేళ్లు. రైతు పిల్లలకు కోటా ఉంది. పొలం పాస్‌బుక్, ఊరి బడిలో చదివిన సర్టిఫికెట్లు ఇప్పుడే దగ్గర పెట్టుకోండి. ప్రైవేటు కాలేజీ అయితే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందో లేదో అడక్కుండా ఫీజు కట్టొద్దు. ఎమ్మెస్సీలో జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ తీసుకోండి, తర్వాత పీహెచ్‌డీ. లెక్కల సబ్జెక్టు తప్పించుకోవచ్చని బైపీసీకి వచ్చి ఉంటే మాత్రం ఒక మాట: ఈ రంగంలో సగం పని స్టాటిస్టిక్స్, కంప్యూటర్ మీదే. డిగ్రీలోనే వాటికి అలవాటు పడండి.

ఉద్యోగాలున్నాయి, కానీ బీఎస్సీ దగ్గరే ఆగితే అవి ఎక్కువగా వ్యవసాయాధికారి పోస్టులు, కంపెనీల సేల్స్. పరిశోధన కావాలంటే మొత్తం తొమ్మిది, పదేళ్ల చదువు. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. తర్వాత ఏఆర్‌ఎస్ (వ్యవసాయ పరిశోధన సర్వీసు) పరీక్ష రాసి ఐసీఏఆర్ సైంటిస్టు కావొచ్చు. వరి, చిరుధాన్యాలు, నూనెగింజల జాతీయ సంస్థలు మూడూ రాజేంద్రనగర్‌లోనే ఉన్నాయి. విత్తన కంపెనీలూ హైదరాబాద్ చుట్టూ చాలానే ఉన్నాయి.

లాంగ్‌టర్మ్ మాట: డాక్టర్ కావాలని మీకే ఉంటే ఒక ఏడాది పెట్టండి, తప్పులేదు. మీ ఉత్తరంలో ఆ కోరిక నాకు కనబడలేదు. నాన్నగారితో ఈ మాట చేన్లోనే మాట్లాడండి, ఆ రెండు ఎత్తులూ ఆయన కళ్లముందే ఉంటాయి.

ఈలోగా ఒక పని. వీధిదీపం కింద పడ్డ సోయా మొక్కలు పక్కవాటికంటే ఆలస్యంగా పూస్తాయి. అదే మీ కందితో చూడండి. రెండు కుండీల్లో ఒకే రోజు గింజలు వేసి, పగలు రెండింటినీ ఎండలోనే ఉంచి, రాత్రిపూట ఒకటి వీధిదీపానికి బాగా దగ్గరగా, ఇంకోటి చీకట్లో ఉంచండి. మొదటి పూవు ఎన్నో రోజున కనబడిందో నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయండి.