రాత్రి తొమ్మిదింటి ఫోనుకి అబద్ధం ఎందుకు?

కూకట్‌పల్లి నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "నాకు నలభై రెండేళ్లు. ప్రైవేటు బ్యాంకులో కౌంటర్ ఉద్యోగం. ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. అప్పటికి నిలబడే ఓపిక ఉండదు. అన్నం వండి, అమ్మ పంపిన కందిపొడి, నెయ్యి, ఆవకాయ పెట్టేస్తాను. లేదంటే గుడ్డు పొరటు. ఆరున్నరకే ఇంటికొచ్చే మావారు గానీ, పిల్లలు గానీ ఏమీ అనరు. కానీ అమలాపురం దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటున్న అమ్మ రోజూ తొమ్మిదింటికి ఫోన్ చేసి 'ఏం వండావే?' అంటుంది. పొడన్నం అని చెప్పడానికి నోరు రాదు. దొండకాయ వేపుడనీ ముక్కల పులుసనీ ఏదో ఒకటి చెప్పేస్తున్నాను. కట్టెల పొయ్యి మీద పది మందికి వండిన మనిషి ఆమె. నాన్న పోయి మూడేళ్లయింది. త్వరగా అయిపోయి, వంట అనిపించుకునేవి కొన్ని చెప్పండి."

అమ్మా, అడిగారు కాబట్టి వంటల సంగతి ముందు చెప్పేస్తాను. ఒకటిన్నర గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు కడిగి, పసుపు, ఉప్పు, జీలకర్ర, నాలుగు మిరియాలు వేసి కుక్కర్ పెట్టండి. పులగం అవుతుంది. విజిల్స్ వచ్చేలోపు చింతపండు పిసికిన నీళ్లలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, సెగ మీద కాల్చి నలిపిన పచ్చిమిర్చి, ఉప్పు, చిటికెడు బెల్లం కలిపితే పచ్చిపులుసు. దాన్ని పొయ్యి ఎక్కించే పని లేదు. ఆదివారం పులిహోర గుజ్జు కాచి సీసాలో పెట్టుకుంటే వారంలో రెండు రాత్రులు గడిచిపోతాయి. పొద్దుటి అన్నం దానికి వాడేట్టయితే వండిన గంటా రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేయండి. రోజంతా బయట ఉన్న అన్నం పిల్లలకి పెట్టొద్దు. బియ్యపు రవ్వ, నానిన పెసరపప్పుతో ఉప్పుడు పిండి మీ గోదావరి వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇంకోటి. మూడు పాళ్ల ధాన్యానికి ఒక పాలు పప్పు కలిస్తే మంచి మాంసకృత్తులు అందుతాయని మీ హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థే చెబుతోంది. బియ్యంలో తక్కువైంది పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైంది బియ్యంలో ఉంటుంది. మీరు సిగ్గుపడుతున్న కందిపొడి కూడా వేయించి దంచిన కందిపప్పే కదా. గుడ్డు పొరటు సంగతి సరేసరి, ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. మీ పిల్లలు పస్తుండడం లేదు.

మీవారు ఏమీ అనరని మెచ్చుకోలుగా రాశారు. ఆరున్నరకి వచ్చిన మనిషి ఎనిమిదింటిదాకా అన్నానికి ఎదురుచూస్తూ కూర్చుంటే, ఏమీ అనకపోవడం గొప్ప ఎలా అవుతుంది? కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. మీరు తలుపు తీసేసరికి కుక్కర్ దిగి ఉండాలి. ఇది ఆయన్ని బతిమాలాల్సిన విషయం కాదు, చెప్పాల్సిన విషయం. అంతకంటే దీని గురించి రాయను, ఎందుకంటే మిమ్మల్ని తినేస్తున్నది ఆయన కాదు.

మీరు రోజంతా డబ్బు లెక్కపెట్టి, పదిమంది విసుగు భరించి వస్తున్నారు. ఇంటికొచ్చి పిల్లలకి వేడన్నం కలిపి పెడుతున్నారు. అందులో దాచుకోవాల్సింది ఏముంది? అమ్మకి చెప్పే అబద్ధం చిన్నదేనని మీరు అనుకోవచ్చు. నేను అనుకోను. ఏం తిన్నావన్న మాటకి కూడా నిజం చెప్పలేని చోట, రేపు ఒంట్లో బాగాలేదనీ, ఉద్యోగంలో ఇబ్బందిగా ఉందనీ ఎలా చెబుతారు? పైగా ఆమె స్వయంగా దంచి, డబ్బాకి ఎత్తి, బస్సులో పంపిన పొడినే నెయ్యేసుకుని తింటూ, తినలేదని ఆమెకే చెబుతున్నారు. ఆ పొడి అయిపోయిందో లేదో, కారం సరిపోయిందో లేదో ఆమెకి తెలిసే దారి కూడా మూసేశారు.

ఆమె పది మందికి వండిందని మీరు మిమ్మల్ని తక్కువ చేసుకోకండి. పది మంది ఉన్న ఇంట్లో కూర తరగడానికో, రోట్లో నూరడానికో ఇంకో రెండు చేతులుంటాయి. ఆ కష్టం కష్టమే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆమె ఎనిమిదింటికి మెట్రో దిగి వచ్చి పొయ్యి వెలిగించలేదు. ఆమె పోలిక పెట్టిందని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. 'ఏం వండావే' అంది, అంతే. పోలిక పెట్టింది మీరు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మ మిమ్మల్ని ఏం అడుగుతుందో రాశారు, మీరు ఏం చెబుతారో రాశారు. ఆమె ఏం తిందో మీరు అడిగినట్టు ఒక్క ముక్క లేదు. నన్ను పట్టి కుదిపింది అదే. భర్త పోయాక ఒంటరిగా మిగిలిన తల్లులు కొందరు రాత్రిపూట తమ ఒక్కరి కోసం పొయ్యి వెలిగించడం మానేస్తారు. మధ్యాహ్నం అన్నంలో ఇంత మజ్జిగ పోసుకుని, ఉప్పు కలుపుకుని పడుకుంటారు. కూతురు అడిగితే మాత్రం పప్పు వండాననే అంటారు. మీ అమ్మగారు అలాగే చేస్తున్నారని తేల్చి చెప్పను. కానీ అడిగి తెలుసుకోవాల్సిన బాధ్యత మీది. మీ నోటి నుంచి రోజూ వేపుళ్లూ పులుసులూ వింటున్న మనిషి, తను మజ్జిగన్నం తిన్నానని మీకు ఎలా చెబుతుంది?

ఇవాళ ఫోన్ వచ్చేదాకా ఆగకండి. ఎనిమిదిన్నరకి మీరే చేయండి. "నీ కందిపొడే తిన్నామమ్మా, ఓపిక లేక వండలేదు" అనండి. ఇన్నాళ్లూ చెప్పినవన్నీ ఒప్పుకుంటూ కూర్చోనక్కర్లేదు, ఇవాల్టి నుంచి నిజం చెబితే చాలు. ఆమె ఓ మాట అంటే అననివ్వండి, తల్లి కాక ఎవరంటారు? తర్వాత "నువ్వేం తిన్నావు?" అని అడిగి, జవాబు పూర్తిగా వినండి.

వచ్చే రెండో శనివారం సెలవుకి ఒక్కరే ఊరు వెళ్లి రండి. పిల్లల్ని మీవారు చూసుకుంటారు. వెళ్లాక వంటింట్లో పప్పు డబ్బా మూత తీసి చూడండి. గ్యాస్ బండ కిందటిసారి ఎప్పుడు మార్చారో పుస్తకంలో చూడండి. ఏడాది దాటినా అదే బండ నడుస్తుంటే, రాత్రిపూట ఆ ఇంట్లో పొయ్యి వెలగడం లేదేమోనని అనుమానించాలి. అప్పుడు మళ్లీ ఉత్తరం రాయండి, ఆమెని మీ దగ్గరికి తెచ్చుకోవడం గురించి మాట్లాడుకుందాం.