టెక్ సందేహాలు: ఆధార్ మీది నల్లగీత కింద అంకెలు భద్రం!

ఈసారి ఫొటో ఎడిటింగ్ సందేహాలే తీసుకుందాం. పెళ్లిళ్ల సీజనూ ఉద్యోగ నోటిఫికేషన్లూ కలిసొచ్చినప్పుడల్లా ఇవే ప్రశ్నలు వచ్చి పడుతుంటాయి. క్రాప్ ఎలా చేయాలి, బ్యాక్‌గ్రౌండ్ ఎలా తీసేయాలి లాంటివి వదిలేశాం. వాటికి యూట్యూబ్‌లో వీడియోలు బోలెడు.

ప్రశ్న: ఫొటోషాప్‌లో తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోతున్నాయి. ‘శ్రీరస్తు’ అని కొడితే శ, పొల్లు, ర అన్నీ వరసగా విడివిడిగా పడుతున్నాయి. అదే ఫాంటు వర్డ్‌లో బాగానే ఉంది. మాది శుభలేఖల పని.

తప్పు ఫాంటుది కాదు. యూనికోడ్‌లో (కంప్యూటర్లన్నీ అక్షరాలకు వాడే ఉమ్మడి సంకేతాల పద్ధతిలో) ‘శ్రీ’ అంటే నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని పేర్చి ఒక్క అక్షరంగా చూపించాల్సింది సాఫ్ట్‌వేర్‌లోని టెక్స్ట్ ఇంజిన్. మీ దగ్గర ఇంగ్లిష్, చైనీస్ వంటి లిపుల కోసం పెట్టిన ఇంజిన్ నడుస్తోంది. దానికి ఒత్తంటే ఏమిటో తెలియదు. ఇంజిన్ ఎంచుకునే వీలున్న, 2022కి ముందటి వెర్షన్లలో ఎడిట్ > ప్రిఫరెన్సెస్ > టైప్‌లోకి వెళ్లి, టెక్స్ట్ ఇంజిన్ దగ్గర ‘వరల్డ్-రెడీ లేఅవుట్’ ఎంచుకోండి. అంతకంటే పాత కొన్ని వెర్షన్లలో దాని పేరు ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’. ఇంతవరకూ చేసి, ‘మార్చినా అలాగే ఉంది’ అని మళ్లీ రాసేవాళ్లే ఎక్కువ. ఈ మార్పు కొత్తగా మొదలుపెట్టే ఫైళ్లకే వర్తిస్తుంది. ముందే టైప్ చేసిన లేయర్ పాత ఇంజిన్‌నే పట్టుకుని కూర్చుంటుంది. ఆ లేయర్‌ని సెలెక్ట్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ కుడి మూలనున్న చిన్న మెనూలో వరల్డ్-రెడీ లేఅవుట్‌కి మార్చాలి.

పనిలో పనిగా ఇంకో మాట. అక్షరం బొద్దుగా కావాలని ‘ఫాక్స్ బోల్డ్’ నొక్కకండి. అది అంచులను ఉబ్బిస్తుందంతే. ‘ఘ’, ‘ఝ’ల్లోని సందులు పూడిపోయి, చిన్న సైజులో మసిముద్దల్లా అచ్చవుతాయి. మొదటి నుంచీ బొద్దుగానే గీసిన రామభద్ర లాంటి ఫాంటు వాడండి. మండలి, గిడుగు, సూరన్నల్లాగే అదీ ఉచితం. ప్రెస్‌కి పంపేముందు టెక్స్ట్ లేయర్ మీద రైట్‌క్లిక్ చేసి ‘కన్వర్ట్ టు షేప్’ చేస్తే, అక్కడి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోయినా ఇబ్బంది రాదు. కాకపోతే షేప్ అయ్యాక అక్షరం దిద్దలేరు. వియ్యపురాలి ఇంటిపేరు మార్చమని రాత్రి పదింటికి ఫోన్ వస్తుంది కాబట్టి దిద్దుకోదగ్గ పీఎస్‌డీ (ఫొటోషాప్ సొంత ఫైలు) కాపీ విడిగా ఉంచుకోండి.

అను ఫాంట్లలో ఉన్న పాత మ్యాటర్‌కి ఈ చిట్కా పనిచేయదు. అది ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన పద్ధతి. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒత్తులన్నీ కళ్లతో ఓసారి చదువుకోవాల్సిందే.

ప్రశ్న: ఫొటోషాప్ అప్‌డేట్ అయ్యాక ‘సేవ్ యాజ్’లో జేపీజీ కనిపించడం లేదు. సాఫ్ట్‌వేర్ పాడైందా?

పాడవలేదు. 2021 నుంచి దాన్ని ‘సేవ్ ఏ కాపీ’లోకి తరలించారు. లేయర్లున్న ఫైలును జేపీజీగా దాస్తే లేయర్లు పోతాయి కాబట్టి అది కాపీయే అవుతుందని ఫొటోషాప్ తయారుచేసే అడోబీ లాజిక్. పాత పద్ధతే కావాలంటే ప్రిఫరెన్సెస్ > ఫైల్ హ్యాండ్లింగ్‌లో ‘ఎనేబుల్ లెగసీ సేవ్ యాజ్’కి టిక్ పెట్టండి. ప్రతి ఫైలు పేరు చివరా ‘కాపీ’ అని తగిలించే చాదస్తాన్ని ఆపే టిక్ కూడా అక్కడే ఉంది.

లాజిక్ సంగతి సరే, పదేళ్లుగా చేతివేళ్లకు అలవాటైన మెనూని ఒక్క రాత్రిలో తరలించే హక్కు ఎవరిచ్చారు? సర్వీసింగ్‌కిచ్చిన బండి గేర్లు తిరగేసి వస్తే ఊరుకుంటామా? ఈమధ్య ఎడిటింగ్ యాప్‌లన్నిటికీ ఇదే జబ్బు. అడక్కుండా ఫొటో మీద తేలే పట్టీ ఒకటి, తెరవగానే ‘ఏఐతో చేయనా?’ అనే పలకరింపు ఒకటి. వాడేవాడి పనిని తేలిక చేసే మార్పు పదింటిలో ఒకటి ఉంటే, కొత్త ఫీచర్‌ని కళ్ల ముందు ఊపడానికి చేసేవి తొమ్మిది. పెళ్లిళ్ల మధ్యలో ఉన్న స్టూడియో కంప్యూటర్‌లో పెద్ద వెర్షన్ మార్పులకు ఆటో అప్‌డేట్ ఆపేయండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘రిమూవ్ ఓల్డ్ వెర్షన్స్’ టిక్ తీసేస్తే పాతదీ ఉంటుంది. మీ ప్లగిన్లు కొత్తదాంట్లో మొరాయిస్తే వెనక్కి రావడానికి దారి మిగులుతుంది. అదే వెర్షన్‌కి వచ్చే చిన్న భద్రతా అప్‌డేట్లు మాత్రం ఆపొద్దు.

ప్రశ్న: బ్యాంకు పరీక్ష దరఖాస్తులో సంతకం అప్‌లోడ్ కావడం లేదు. 10 నుంచి 20 కేబీ ఉండాలంటున్నారు. నాకు 6 కేబీయే వస్తోంది. డీపీఐ 300కి పెంచినా మార్పు లేదు.

డీపీఐ అనేది ఎంత సైజులో ప్రింటవ్వాలో చెప్పే చీటీ మాత్రమే. దాన్ని మార్చినంత మాత్రాన కేబీలు పెరగవు. లెక్క చూడండి: వాళ్లడిగే 140×60 బొమ్మలో ఉన్నవే 8,400 పిక్సెళ్లు. పిక్సెల్‌కి 3 బైట్ల చొప్పున, అసలు కుదించకుండా దాచినా 25 కేబీ. అందులో ముప్పాతిక వంతు తెల్ల కాగితం. తెల్లని చోటును జేపీజీ ఇట్టే నొక్కేస్తుంది. 6 కేబీ రాక ఏమొస్తుంది? ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’ వాడకుండా ‘సేవ్ ఏ కాపీ’లో జేపీజీ క్వాలిటీ 12 పెట్టి, ఐసీసీ ప్రొఫైల్‌కి (రంగుల వివరాలు చెప్పే చీటీకి) టిక్ ఉంచండి. ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ ఒక్కటే 3 కేబీ తోడవుతుంది. కాగితాన్ని మరీ పాలలా తెల్లగా చేయకండి. కాస్త గరుకుదనం మిగిలితే సైజు పెరుగుతుంది. అయినా చాలకపోతే, కొలత పక్కన ‘ప్రిఫర్డ్’ అని ఉందేమో చూడండి. ఉంటే అదే నిష్పత్తిలో 280×120 చేసి ప్రయత్నించవచ్చు.

ఫొటో దగ్గర ఇంకో మెలిక ఉంది. ఒకచోట 3.5×4.5 సెంటీమీటర్లు అంటారు, మరోచోట 200×230 పిక్సెళ్లు అంటారు. ఈ రెండింటి నిష్పత్తీ ఒకటి కాదు. పాస్‌పోర్ట్ సైజు ఫొటోని బలవంతాన 200×230లోకి కుక్కితే ముఖం దాదాపు 12 శాతం వెడల్పవుతుంది. ముందు 200:230 నిష్పత్తిలో క్రాప్ చేసి, తర్వాతే సైజు తగ్గించండి.

బొమ్మను కావాల్సిన సైజుకి మార్చుకోవడం సర్వర్‌కి చిటికెలో పని. ఆ భారాన్ని లక్షలమంది అభ్యర్థుల నెత్తిన పెట్టడం వల్ల జరుగుతున్నదేమిటంటే, వాళ్లంతా ‘కేబీ తగ్గించండి’ అనే ఊరూపేరూ లేని వెబ్‌సైట్లలో ఫొటో, సంతకం, ఎడమచేతి వేలిముద్ర మూడూ ఒకేసారి అప్‌లోడ్ చేస్తున్నారు. మూడూ ఒకే మనిషివి, ఒకేచోట. విండోస్‌లోని పెయింట్‌లో రీసైజ్ చాలు. గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే జేపీజీ ఎక్స్‌పోర్ట్ విండోలో ప్రివ్యూకి టిక్ పెడితే స్లైడర్ జరుపుతుండగానే ఎన్ని కేబీ అవుతుందో కనిపిస్తుంది. రెండూ ఉచితమే. ఏదీ మీ కంప్యూటర్ దాటి పోదు.

ప్రశ్న: లాడ్జిలో రూమ్ బుకింగ్‌కి ఆధార్ వాట్సాప్ చేయమన్నారు. ఫోన్ గ్యాలరీలోనే నంబరు మీద నల్లగా రుద్ది పంపాను. పర్వాలేదా?

ఏ పెన్నుతో రుద్దారో రాయలేదు. కిటుకంతా అక్కడే ఉంది. ఒక చిన్న పరీక్ష చేయండి. మీరు పంపిన ఆ బొమ్మనే ఏదైనా ఎడిటింగ్ యాప్‌లో తెరిచి బ్రైట్‌నెస్, షాడోస్, ఎక్స్‌పోజర్ మూడూ చివరికంటా లాగండి. హైలైటర్‌తో రుద్ది ఉంటే నల్లపట్టీ బూడిదరంగులోకి మారి, అందులోంచి అంకెలు తేలతాయి.

హైలైటర్ అక్షరాన్ని చెరపడానికి కాదు, దాని మీద పలచటి రంగు పరవడానికి పుట్టింది. నల్ల హైలైటర్ 80 శాతం కప్పుతుందనుకుందాం. తెల్ల కాగితం విలువ 255. ఒక పూత వేస్తే 51కి దిగుతుంది, రెండో పూతకి 10కి. కింద ఉన్న నల్ల అంకె విలువ ఎప్పుడూ 0. పదికీ సున్నాకీ తేడా మన కంటికి ఆనదు కానీ సాఫ్ట్‌వేర్‌కి అది పగలూ రాత్రీ అంత తేడా.

మొజాయిక్, బ్లర్ కూడా నమ్మదగ్గవి కావు. దాచింది మనిషి ముఖమైతే ఊహించడం కష్టం. అంకెలైతే ఒక్కో చోట ఉండగలిగేవి పదే. అదే ఫాంటులో సున్నా నుంచి తొమ్మిది దాకా రాసి, అదే మొజాయిక్ వేసి పోల్చి చూస్తే చాలు.

నంబరు నిక్కచ్చిగా కప్పినవాళ్లు కూడా మరిచిపోయేది పక్కనున్న క్యూఆర్ కోడ్. పాత ఆధార్ లెటర్ల మీది క్యూఆర్‌ని మామూలు స్కానర్‌తో స్కాన్ చేసినా పూర్తి 12 అంకెలూ, పేరూ, చిరునామా వచ్చేస్తాయి. కొత్త కార్డుల మీది సెక్యూర్ క్యూఆర్‌లో చివరి 4 అంకెలే ఉంటాయి కానీ పేరు, పుట్టినతేదీ, చిరునామా, ఫొటో అందులోనూ ఉంటాయి. అంటే తలుపుకి తాళం వేసి తాళంచెవి గుమ్మానికి తగిలించినట్టు. పొడవాటి లెటర్‌లో నంబరు పైనొకసారి, కింది కార్డు మీద మళ్లీ ఉంటుందనీ గుర్తుంచుకోండి.

పీడీఎఫ్ మీద నల్ల డబ్బా గీసి పంపేవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. ఆ డబ్బా కాగితం మీద పెట్టిన పేపర్‌వెయిట్ లాంటిది. క్లిక్ చేసి డిలీట్ కొడితే పోతుంది. తీయకుండానే కింది అక్షరాలను సెలెక్ట్ చేసి కాపీ చేసుకోవచ్చు. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ పేరులోని మొదటి 4 అక్షరాలూ పుట్టిన సంవత్సరమూ అని అందరికీ తెలుసు. అది చాలదన్నట్టు ఫైలు కిందే పాస్‌వర్డ్ కూడా టైప్ చేసి పంపేవాళ్లున్నారు.

క్రాప్ చేస్తే పోయిందనుకోవడమూ పొరపాటే. ఒక పేరున్న ఫోన్‌లోని స్క్రీన్‌షాట్ ఎడిటర్ క్రాప్ చేసిన బొమ్మను పాత ఫైలు మీదే రాసేదట, మిగిలిన పాత డేటాను మాత్రం ఫైలు చివర అలాగే వదిలేసేది. పోయిందనుకున్న భాగాన్ని తిరిగి తీయవచ్చని 2023 మార్చిలో బయటపడింది. అప్పటికే ఐదేళ్లుగా జనం ఆ ఫైళ్లు పంచుకుంటున్నారు. ఫోన్‌కి అప్‌డేట్ వచ్చింది సరే, బయటికి వెళ్లిపోయిన బొమ్మలకి అప్‌డేట్ ఎవరిస్తారు? ఇది వాడినవాళ్ల నిర్లక్ష్యం కాదు, ఆ ఎడిటర్ ప్రోగ్రామ్ రాసినవాళ్లది.

చేయాల్సింది ఇది. మైఆధార్ సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు ‘మాస్క్‌డ్ ఆధార్’కి టిక్ పెట్టండి. మొదటి 8 అంకెలు లేకుండానే వస్తుంది. బొమ్మనే దిద్దాల్సివస్తే, కంప్యూటర్‌లో నంబరున్న ప్రతిచోటూ, క్యూఆర్ మీదా మార్కీతో (డబ్బా గీసి ఎంచుకునే టూల్‌తో) సెలెక్ట్ చేసి, ఎడిట్ > ఫిల్‌లో నలుపు, ఒపాసిటీ 100 పెట్టండి. తర్వాత లేయర్ > ఫ్లాటెన్ ఇమేజ్ నొక్కితే లేయర్లన్నీ ఒక్కటైపోతాయి. మెటాడేటా (ఫైలులో దాగే అదనపు వివరాలు) ‘నన్’ పెట్టి కొత్త పేరుతో జేపీజీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫోన్‌లోనే అయితే హైలైటర్ ముట్టుకోకుండా, రంగు పూర్తిగా నిండే పెన్నుతో లావుగా కప్పి, ఆ బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి ఆ స్క్రీన్‌షాట్‌నే పంపండి. పంపేముందు పైన చెప్పిన బ్రైట్‌నెస్ పరీక్ష తప్పదు.

ప్రశ్న: ఆల్బమ్ డిజైన్ చేస్తుంటే ‘స్క్రాచ్ డిస్క్స్ ఆర్ ఫుల్’ అని ఆగిపోతోంది. ఇప్పుడసలు తెరుచుకోవడమే లేదు. ఫొటోషాప్ షాపువాళ్లు పెన్‌డ్రైవ్‌తో వేసిచ్చారు. వేసేటప్పుడు యాంటీవైరస్ ఆపేశారు.

స్క్రాచ్ డిస్క్ అంటే పని నడిచేటప్పుడు ఫొటోషాప్ తాత్కాలికంగా వాడుకునే డిస్క్ జాగా. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో 3600×10800 పిక్సెళ్లు. 8-బిట్‌లో నిండుగా ఉన్న ఒక్కో లేయర్ సుమారు 117 ఎంబీ, 16-బిట్‌లో దానికి రెట్టింపు. ఇరవై లేయర్లు, దానికితోడు అన్‌డూ కోసం దాచే 50 హిస్టరీ మెట్లు. సీ డ్రైవ్‌లో పది జీబీ ఖాళీ ఏ మూలకి? కంట్రోల్, ఆల్ట్ నొక్కిపట్టి ఫొటోషాప్ ఐకాన్‌ని తెరవండి. స్క్రాచ్ డిస్క్ అడిగే పెట్టె వస్తుంది. డీ డ్రైవో, ఇంకో ఎస్‌ఎస్‌డీయో ఇవ్వండి, పెన్‌డ్రైవ్ మాత్రం వద్దు. క్రాష్ అయినప్పుడల్లా ‘ఫొటోషాప్ టెంప్’ పేరుతో జీబీల కొద్దీ ఫైళ్లు మిగిలిపోతాయి. సాఫ్ట్‌వేర్ మూసేసి, విండోస్ టెంప్ ఫోల్డర్‌లో వాటిని డిలీట్ చేయండి.

అసలు భయం మీ చివరి వాక్యంతో. యాంటీవైరస్ ఆపితే తప్ప ఎక్కని సాఫ్ట్‌వేర్‌తో పాటు ఏమెక్కిందో వేసినవాళ్లకే తెలియకపోవచ్చు. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే స్టాప్-డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ ఎక్కువగా వ్యాపించింది ఇలాంటి క్రాక్‌లతోనే (దొంగ కాపీలతోనే). బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయేవీ దాని వెనకే దిగుతాయి. పెళ్లివాళ్ల ఫొటోలన్నీ ఈరోజే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్ పీకి పక్కన పెట్టండి. కాపీ చేసేది ఫొటోలే, ఇన్‌స్టాలర్ ఫైళ్లు కాదు. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్‌లో కాకుండా ఫోన్‌లో మార్చి, అన్ని డివైస్‌ల నుంచీ లాగౌట్ కొట్టండి. ఆ తర్వాత విండోస్ మొత్తం ఫార్మాట్ చేసి మళ్లీ వేయించుకోండి. ఫొటోషాప్ చందా కట్టడం భారమైతే 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0 ఉంది. పీఎస్‌డీలు తెరవడానికి బ్రౌజర్‌లో నడిచే ఫొటోపీ ఉంది, అది ఫైలుని మీ కంప్యూటర్‌లోనే ఉంచి పనిచేస్తుంది. అయితే 12×36 షీటు బ్రౌజర్‌లో తెరిచేటప్పుడు ర్యామ్ తక్కువైతే అక్కడా ఆగవచ్చు.