వీడియో చూసి బిగిస్తున్నారు సరే, బిగిసేది ఏ కండరం?

ప్రశ్న: మేడం, నాకు 46 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, రెండూ నార్మల్ డెలివరీలే. దగ్గినా, తుమ్మినా, 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తినా మూత్రం చుక్కలు పడిపోతోంది. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా బస్సులో వెళ్లాలంటే ప్యాడ్ ఉండాల్సిందే. డాక్టరుగారు టెస్ట్ చేయించి ఇన్ఫెక్షన్ లేదన్నారు. ‘కెగెల్ ఎక్సర్‌సైజులు చెయ్యండి’ అని చీటీ మీద రాసిచ్చారు. యూట్యూబ్ చూసి రెండు నెలలుగా చేస్తున్నాను. మార్పు లేదు సరికదా, ఇంకాస్త ఎక్కువైందేమో అనిపిస్తోంది. ఇక ఆపరేషనేనా?
– పేరు వద్దు, బెంగళూరు

జవాబు: ఆపరేషన్ మాట ఇప్పుడే ఎందుకమ్మా? రెండు నెలలు చేశారు, బాగానే ఉంది. సరిగా చేస్తున్నారో లేదో ఎవరైనా చూశారా? మీ ఉత్తరంలో ఆ సంగతి ఎక్కడా లేదు. మోకాలికి వ్యాయామం నేర్పితే మోకాలు కంటికి కనిపిస్తుంది, తప్పు చేస్తే అక్కడే సరిదిద్దుతాం. కెగెల్ వ్యాయామంలో బిగించాల్సిన పెల్విక్ ఫ్లోర్ కండరాలు బయటికి కనిపించవు. ముందున్న ఎముక నుంచి వెనక తోక ఎముక వరకూ ఉయ్యాల గుడ్డలా పరుచుకుని మూత్రాశయాన్నీ గర్భసంచినీ కింద నుంచి మోస్తుంటాయి.

1991లో అమెరికాలో 47 మంది ఆడవాళ్లకు ఈ వ్యాయామం నోటిమాటగా చెప్పి, ఎలా చేస్తున్నారో కొలిచి చూశారు. సరిగా చేసినవాళ్లు సుమారు సగం మందే. పావు వంతు మంది లీకేజీని పెంచే పద్ధతిలో చేశారు. అంటే మీకు ‘ఎక్కువైందేమో’ అనిపించడం వట్టి అనుమానం కాకపోవచ్చు. 1948లో ఈ వ్యాయామాల గురించి రాసిన ఆర్నాల్డ్ కెగెల్ కూడా ఊరికే చెప్పి పంపలేదు. బిగింపు బలం ఎంతుందో చేసే మనిషికే కనిపించేలా ఒక పరికరం తయారుచేశాడు. వీడియోలవాళ్లు ఆయన పేరు వాడుకుంటారు, ఆ పరికరం ఊసెత్తరు.

నేను నేర్పేటప్పుడు ముందు మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోమంటాను. ఒక చెయ్యి పొట్ట మీద. పదిమందిలో ఉండగా గ్యాస్ వస్తే ఎలా ఆపుకుంటారో అలా వెనక బిగించండి. ఆ బిగింపును అలాగే ముందుకు, మూత్రం ఆపుకునే చోటికి తెచ్చి, మొత్తంగా లోపలికి, పైకి లాగండి. పిరుదులు లేచినా, తొడలు దగ్గరికొచ్చినా, చేతి కింద పొట్ట గట్టిపడి ఉబ్బినా అది వేరే కండరం పని. ఊపిరి బిగబట్టేవాళ్లు చాలామంది. వాళ్లచేత అంకెలు పైకి లెక్కపెట్టిస్తాను, మాట్లాడుతుంటే ఊపిరి ఆగదు కదా. ఇంట్లో చూసుకోవాలంటే చిన్న అద్దం పెట్టుకోండి. బిగించినప్పుడు యోనికీ మలద్వారానికీ మధ్య చోటు లోపలికి పోవాలి. బయటికి ఉబికిందంటే ముక్కుతున్నారన్నమాట. అలాంటప్పుడు ఆపేసి, ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గరికో గైనకాలజిస్టు దగ్గరికో వెళ్లి లోపలి పరీక్ష చేయించుకోండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, వేలితో చూస్తే ఏ కండరం కదులుతోందో తెలిసిపోతుంది.

మూత్రం పోస్తూ పోస్తూ మధ్యలో ఆపడమే వ్యాయామం అనుకుని రోజూ చేసేవాళ్లున్నారు. వద్దు. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోయే ప్రమాదం ఉంది.

కండరం దొరికాక లెక్క తేలికే. మొదట మూడు నాలుగు సెకన్లు బిగించి, అంతే సేపు పూర్తిగా వదలండి. వదలడం కూడా వ్యాయామంలో భాగమే, దాన్ని ఎగ్గొట్టకండి. పోను పోను పది సెకన్లకు పెంచుకోవచ్చు. పూటకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, ఆ తర్వాత కొన్ని టకటకా బిగించి వదిలేవి. రోజుకు మూడు పూటలు. పడుకుని కుదిరాక కూర్చుని, ఆపైన నిలబడి. మూత్రం పడేది ఎక్కువగా నిలబడి ఉన్నప్పుడే కదా!

అన్నిటికన్నా ముఖ్యమైనది, చీటీల్లో ఎవరూ రాయనిది ఒకటుంది. తుమ్ము వస్తోందని తెలియగానే, తుమ్మకముందే బిగించాలి. క్యాన్ ఎత్తే ముందూ అంతే. బిగించి, ఊపిరి వదులుతూ ఎత్తండి. (ఇంట్లో మగపిల్లలుంటే ఆ క్యాన్ వాళ్లకే వదిలేయండి, నేనైతే అదే చేస్తాను.) మలబద్ధకం ఉంటే ముందు దాని సంగతి చూడండి. రోజూ ముక్కుతుంటే ఈ కండరాల మీదే భారం పడుతుంది.

సరిగా చేయడం మొదలుపెట్టిన రోజు నుంచి కనీసం మూడు నెలలు లెక్క. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ గురించి డాక్టరుతో మాట్లాడుకోవచ్చు. కింద ఏదో జారినట్టు, బరువుగా ఉన్నా, బిగించినప్పుడు నొప్పి వచ్చినా మాత్రం అన్నాళ్లు ఆగకుండా చూపించుకోండి.

ప్రశ్న: మా అత్తగారికి 67 ఏళ్లు. దగ్గినా ఏమీ కాదు. కానీ వచ్చిందంటే బాత్రూమ్ దాకా ఆగలేరు. భయపడి నీళ్లు తాగడం మానేశారు. ఆవిడకూ ఇవే వ్యాయామాలా?
– ఒక కోడలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ఇది వేరే రకం. వ్యాయామం పనికొస్తుంది గానీ, దాంతోపాటు మూత్రాశయానికి అలవాటు మార్పించాలి. ఇప్పుడు గంటకోసారి వెళ్తుంటే గంటంపావుకు, అది కుదిరాక గంటన్నరకు. ఇలా కనీసం ఆరు వారాలు. అర్జంటుగా వచ్చినప్పుడు పరుగెత్తనివ్వకండి. ఉన్నచోటే ఆగి నాలుగైదు సార్లు టకటకా బిగించి, ఆ తొందర కాస్త తగ్గాక నడవమనండి. నీళ్లు మానితే మూత్రం చిక్కబడి ఇంకా ఇబ్బంది పెడుతుంది, తగ్గించాల్సింది కాఫీ. షుగర్ ఒకసారి చూపించండి. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ వచ్చేలా చేసేవి ఉంటాయి, ఏ పూట వేసుకోవాలో డాక్టరునే అడగండి. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.