పాతబస్తీ ఫుడ్ వాక్‌కి గైడ్ అవసరమా? మా అమ్మతో రెండుసార్లు వెళ్లిన అనుభవం

వచ్చే నెల మీ అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి హైదరాబాద్ వస్తున్నారని, ఇద్దరూ శాకాహారులని రాశారు. చార్మినార్ చుట్టుపక్కల కట్టడాలు చూపిస్తూ అక్కడి తిండి తినిపించే గైడెడ్ వాక్‌కి డబ్బు పెట్టొచ్చా, మనమే తిరిగితే చాలదా అని అడిగారు.

పెట్టొచ్చు. కానీ ఏ వాక్, ఏ వేళ అన్నది చూసుకోవాలి. మా అమ్మా శాకాహారే, వయసు అరవై ఎనిమిది. ఆమెని రెండుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి డబ్బు దండగ. రెండోసారి వెళ్లొచ్చి ఏడాది దాటింది, అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో ఆ పొద్దుటి సంగతే ఎత్తుతుంది.

మొదటిది సాయంత్రం ఐదింటికి మొదలైంది. వ్యాన్‌లో పన్నెండు మందిమి. నిజాముల చౌమహల్లా ప్యాలెస్ అప్పటికే మూసేశారు. చార్మినార్ ఎక్కే వేళ కూడా అయిపోవచ్చింది. గైడ్ రోడ్డు మీదే నిలబడి కట్టిన సంవత్సరాలు అప్పజెప్పి, తిన్నగా ఒక ముత్యాల షాపుకి తీసుకెళ్లాడు. అక్కడ నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. తిండి దగ్గరికి వచ్చేసరికి అంతా కబాబులు, హలీమ్. అమ్మ తినగలిగింది ఒక్క కుల్ఫీ. కాళ్ల నొప్పులతో ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా పడుకుంది. నాకు చాలా బాధేసింది.

రెండోసారి పాతబస్తీలోని షాలీబండలో పుట్టి పెరిగిన ఒక పెద్దాయన గైడ్‌గా వెళ్లాం. ఆయన ముందురోజే ఫోన్ చేసి అమ్మ ఏం తింటుంది, మెట్లు ఎక్కగలదా, ఎంతసేపు నడవగలదు అని అడిగారు. పొద్దున ఏడింటికి గుల్జార్ హౌజ్ దగ్గరికి రమ్మన్నారు, ఖాళీ కడుపుతో.

చార్మినార్‌కి కాస్త ఉత్తరాన నాలుగు పెద్ద కమాన్లు (తోరణాల్లాంటి ద్వారాలు) ఉంటాయి, వాటి మధ్యలో ఉన్న నీళ్ల ఫౌంటెనే గుల్జార్ హౌజ్. పగటిపూట ఆటోలు, బండ్ల మధ్య దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఏడింటికి మాత్రం నాలుగు వైపులా కమాన్లు తేటగా కనిపిస్తాయి. ఆ పక్కనే గోవింద్ దోసె బండి. తవా మీద వెన్న, ఉల్లి, టమాటా, కారం వేసి మెదిపి దోసె నిండా పరుస్తారు. ఇడ్లీని కూడా అదే తవా మీద ముక్కలు చేసి వేయిస్తారు. గైడ్ గారు ముగ్గురికి కలిపి ఒక దోసె, ఒక ప్లేట్ ఇడ్లీ మాత్రమే చెప్పారు. "ఇక్కడే కడుపు నింపుకుంటే మిగతా ఊరు కనబడదమ్మా" అన్నారు. ఈ ఒక్క మాట మీరూ గుర్తుపెట్టుకోండి.

తింటూ ఉండగానే ఆయన ఊరి కథ మొదలుపెట్టారు. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా గురించి చెప్తూ, వాళ్ల నాన్న ఇబ్రహీం కులీ యువకుడిగా ఉన్నప్పుడు విజయనగరంలో తలదాచుకున్నాడని, తెలుగంటే ఆయనకి ప్రాణమని అన్నారు. అమ్మ తెలుగు టీచర్‌గా రిటైరైంది. దోసె ముక్క చేతిలోనే ఆగిపోయింది. "మల్కిభరాముడు కదూ! మన కవులు ఆయన్ని అలాగే పిలిచారు" అంది. గైడ్ గారు ఆ పేరు రెండుసార్లు చెప్పించుకుని, చిన్న నోట్‌బుక్ తీసి ఉర్దూలో రాసుకున్నారు. తరగతిలో ఏళ్లపాటు చెప్పిన పేరు, ఆ రాజు కొడుకు కట్టించిన ఊరి నడిబొడ్డున అమ్మ నోట వింటుంటే నా ఒళ్లు జలదరించింది. మొదటిసారి మైకులో విన్న సంవత్సరాల్లో ఇది లేదు.

అక్కడి నుంచి చాయ్. చార్మినార్ పక్కనే ఉన్న నిమ్రా కేఫ్‌లో పొద్దున్నే జనం ఉంటారు, కానీ నిలబడటానికి చోటు దొరుకుతుంది. ఇరానీ చాయ్ మన ఇంట్లో పెట్టుకునే టీ లాంటిది కాదు. డికాక్షన్‌ని మూత పెట్టిన పాత్రలో సన్నని సెగ మీద చాలాసేపు మగ్గనిస్తారు, పాలని వేరుగా చిక్కబడేదాకా కాస్తారు. రెండూ కలిసేది మన కప్పులోనే. ఉస్మానియా బిస్కెట్ కొంచెం తీపి, కొంచెం ఉప్పన. ఉస్మానియా ఆసుపత్రిలో రోగుల కోసం మొదలైందని, అందుకే ఆ పేరని పాతబస్తీలో చెప్పుకుంటారు. అమ్మ సాసర్‌లో పోసుకుని తాగుతూ పావురాల్ని చూస్తూ పావుగంట కూర్చుంది. ఎవరూ తొందరపెట్టలేదు.

మక్కా మసీదుకి ఎండ ముదరకముందే వెళ్లాం. 1617లో మొదలై, కుతుబ్ షాహీలు పోయి, ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయింది. అంటే డెబ్బై ఏడేళ్లు. మధ్య ఆర్చ్‌కి వాడిన ఇటుకల్లో మక్కా నుంచి తెచ్చిన మట్టి కలిపారని చెప్తారు, పేరు అలా వచ్చింది. ఆవరణలోనే అసఫ్ జాహీల, అంటే నిజాముల, సమాధులున్నాయి. తల మీద కప్పుకోవడానికి ఒక చున్నీ, తీసి వేసుకోవడానికి సులువైన చెప్పులు ఉంటే చాలు.

చార్మినార్ తొమ్మిదింటికి తెరుస్తారు. మెట్లు ఇరుకు, నిటారు, చీకటి. అమ్మని కింద నీడలో కూర్చోబెట్టి నేను మొదటి అంతస్తు దాకా ఎక్కి ఫోటోలు తీసి తెచ్చాను. మోకాళ్ల నొప్పులుంటే పెద్దవాళ్లని ఎక్కించకండి. ఆ ఓపిక చౌమహల్లా కోసం దాచండి. అది పదింటికి తెరుస్తారు, లోపల చెట్లు, నీళ్లు, కూర్చునే చోటు అన్నీ ఉన్నాయి. దర్బార్ హాల్లో వేలాడే పంతొమ్మిది షాండ్లియర్ల కింద అమ్మ తలెత్తి అలాగే నిలబడిపోయింది.

గాజులకి పేరుపడ్డ లాడ్ బజార్‌ని చివరికి పెట్టడం కూడా గైడ్ గారి ఆలోచనే, షాపులు తెరిచేది పదకొండుకి కదా. గాజుల షాపు కంటే ముందు వెనక గల్లీలో గాజులు చేసే గదికి తీసుకెళ్లారు. లక్కని నిప్పుల మీద మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, ఆ వేడి ఆరకముందే ఒక్కో రాయీ పొదుగుతారు. పనిచేసేవాళ్ల వేళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. ఆ వేళ్లు చూశాక అమ్మ బేరమాడలేదు. ఒక జత కొనుక్కుంది, కొనమని ఎవరూ అడగలేదు.

అక్కడ అమ్మని ఆటోలో ఇంటికి పంపేశాను. మీరు మాంసాహారులైతే ఇంకో పొద్దున ఒంటరిగా వెళ్లండి. నిహారీ అనే మాంసం పులుసు రాత్రంతా ఉడుకుతుంది. ఆ మాట అరబీలో పగలు అన్న అర్థమిచ్చే 'నహార్' నుంచి వచ్చింది, పొద్దున తినే వంటకమని పేరులోనే ఉంది. సాయంత్రం టూర్లో దాని అసలు రుచి దొరకదు. దాంతోపాటు తినే చార్ కోనీ నాన్‌కి 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం పేరుపొందింది. నాలుగు మూలల నాన్, బావిలాంటి తందూర్ గోడకి చేత్తో అంటిస్తారు. తినకపోయినా ఆ పని చూడదగ్గది. నిజాముల పాత భవనం పురానీ హవేలీలోని మ్యూజియంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఉంది, రెండంతస్తుల్లో ఒక పొడవాటి హాలంతా అదే.

ఇక గైడ్ సంగతి. ఆ దోసె, ఆ చాయ్ ఎక్కడుంటాయో ఫోన్ కూడా చెప్తుంది. పాతబస్తీలో ప్రతి తిండికీ ఒక వేళ ఉంది, ప్రతి కట్టడానికీ ఒక వేళ ఉంది. వాటిని ఒక వరసలో పేర్చి, మధ్యలో మీ పెద్దవాళ్లకి నీడ, బాత్రూమ్, కుర్చీ చూసిపెట్టేవాళ్లు ఉంటే ఆ డబ్బు సార్థకం. బుక్ చేసే ముందు మూడు సంగతులు అడగండి. గుంపులో ఎంతమంది? ఆరుగురు దాటితే వద్దు. షాపింగ్ ఆగుడు ఉందా? ఉందంటే వదిలేయండి. శాకాహారులకి ఎక్కడెక్కడ ఏం పెట్టిస్తారు? వాళ్లు పేర్లు చెప్పలేకపోతే ఆలోచించలేదని అర్థం. మాంసం వండే చోట కూర్చోవడం మీ వాళ్లకి ఇబ్బందైతే అదీ ముందే చెప్పండి. మా గైడ్ గారు అమ్మ కోసం ఒక గల్లీనే మార్చి తిప్పారు, దానికి ఆయనేమీ నొచ్చుకోలేదు.

శుక్రవారం వద్దు. చౌమహల్లా, చాలా షాపులు మూసి ఉంటాయి, మధ్యాహ్నం మసీదు దగ్గర నమాజు రద్దీ. రంజాన్ నెలలో అక్కడి పగలూ రాత్రీ తారుమారవుతాయి కాబట్టి పెద్దవాళ్లతో మొదటిసారి ఆ నెలలో వెళ్లకండి. ఆదివారం పొద్దున ట్రాఫిక్ తక్కువ. నీళ్ల సీసా ఒకటి, మామయ్యగారి మందులు వెంట ఉంచుకోండి. షుగర్ ఉంటే ఖాళీ కడుపుతో ఏడు దాకా ఆగకుండా ఇంట్లోనే ఒక ఇడ్లీ తినిపించి బయల్దేరండి.